గీతకు అవతల ప్లమ్‌ట్రీ

కింద బేస్‌మెంట్ గదిలో ఉంటున్న అమ్మాయి ఫ్రాన్సిస్‌టౌన్‌లో చదువుకుందన్న సంగతి హైమావతికి అక్టోబరు దాకా తెలియలేదు. అంతవరకు ఆ అమ్మాయి ఆమెకు పక్కతలుపు తెరుచుకుని మూసుకునే చప్పుడు మాత్రమే. చీకటి ఉండగానే దగ్గరలోని వృద్ధాశ్రమంలో పనికి వెళ్ళి, అటునుంచి అటే కాలేజీకి పోయి, సాయంత్రానికి వచ్చేది. వచ్చాక కింద మనిషి ఉన్న జాడ కూడా ఉండేది కాదు. మోకాళ్ళ నొప్పుల వల్ల హైమావతి మెట్లు దిగడం మానేసింది. భర్త కేశవరావు పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి ఆమెకు దిగాలని అనిపించిన చోటు కూడా ఏదీ లేదు.

ఆ సాయంత్రం కూతురు నీరజ బీరకాయలు చెక్కుతూ మామూలుగా అంది.

"అమ్మా, కిందమ్మాయి న్యాషా లేదూ, మన ఫ్రాన్సిస్‌టౌన్‌లో చదివిందట. ఇవాళ చెత్తడబ్బా బయటికి తోస్తూ మాటల్లో చెప్పింది."

హైమావతి చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. బోట్స్వానా దేశంలోని ఆ ఊళ్ళో కేశవరావు ఇరవయ్యేళ్ళకు పైగా లెక్కల మాస్టారుగా పనిచేశాడు. నీరజ పెరిగింది అక్కడే. ఇప్పుడుంటున్న ఈ చలిదేశపు ఊరు ఒషావాలో, ఈ ఇంట్లో ఎవరు "మన ఊరు" అన్నా తెనాలి గుర్తుకురాదు, ఫ్రాన్సిస్‌టౌనే.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడిగిందెవరు?" అంది నీరజ.

లాప్‌టాప్ మీదనుంచి తల ఎత్తకుండానే అల్లుడు చక్రధర్ అందుకున్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం అత్తయ్యగారూ! డిసెంబరు ఎండింగ్‌కి ఖాళీ చెయ్యమని మొన్నే చెప్పేశా. మా రామ్మోహన్ చుట్టాలమ్మాయిలు ఇద్దరొస్తున్నారు, జనవరి ఇన్‌టేక్‌కి, కాలేజీలో చేరడానికి. రోజూ ఫోన్లే ఫోన్లు. అంకుల్ రూముందా, అంకుల్ మెట్లకింద కాస్త చోటున్నా చాలు అని. మనవాళ్ళని రోడ్డుమీద వదిలేసి ఎవరినో పెట్టుకుంటే ఏం బాగుంటుంది చెప్పండి."

"పాపం, దాని చదువు ఏప్రిల్‌తో అయిపోతుంది చక్రీ. అంతవరకైనా ఉండనివ్వమని అడిగింది," అంది నీరజ.

"అందరిదీ ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుందోయ్."

ఆ ఏడాది ఒషావాలో గది దొరకడం కష్టంగా ఉండేది. సెప్టెంబరులో దిగిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురేసి పడుకుంటున్నారు. న్యాషాకు ఇంకా కష్టమైంది. ఫోన్లో ఉందన్న గది ఆమె మొహం చూశాక అప్పుడే ఎవరికో ఇచ్చేశామనే మాటగా మారిపోయేది. ఈ ఇంటికి వచ్చిన రోజు తలుపు తీసింది నీరజ కాబట్టి సరిపోయింది. ఇక్కడినుంచి వృద్ధాశ్రమానికి నడిచి వెళ్ళొచ్చు. ఆ వేళకి బస్సులుండవు. గది పోతే పని పోతుంది, పని పోతే ఆఖరి టర్ము చదవడం కుదరదు. ఇవన్నీ ఆమె నీరజకు చెప్పింది. నీరజ మొగుడికి చెప్పింది. అతను వినలేదు.

మర్నాడు హైమావతి ఒక ప్లేటులో పులిహోర పెట్టుకుని, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని, మెట్టుకో క్షణం ఆగుతూ కిందికి దిగింది. న్యాషా పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలో తెల్లటి పిండి కలుపుతోంది. పొడుగ్గా, సన్నగా ఉంది. వృద్ధాశ్రమం వాళ్ళిచ్చిన నీలం చొక్కా ఇంకా విప్పలేదు.

"దుమేలా, మ్మా," అంది హైమావతి.

ఎన్నేళ్ళకో నోట పలికిన, బోట్స్వానా వాళ్ళ సెత్స్వానా భాషలోని పలకరింపు. అక్కడ కూరగాయల మనిషి దగ్గర్నుంచి బ్యాంకు ఆఫీసరు దాకా అందరికీ ఆమె రోజూ చెప్పిన మాట.

న్యాషా చేతిలో గరిటె ఆగింది. "హలో, ఆంటీ," అని ఇంగ్లీషులో అంది.

హైమావతి అది సిగ్గనుకుంది. ఇంకో నాలుగు మాటలు అదే భాషలో అడిగింది. ఎలా ఉన్నావు, ఇక్కడి చలి ఎలా ఉంది, ఫలేచే వండుకుంటున్నావా అని. ఆ తెల్లటి ముద్దను అక్కడివాళ్ళు ఫలేచే అంటారు. ఆమె ఇంట్లో దాన్ని జొన్నసంకటి చెల్లెలు అనేవారు.

"మేము దీన్ని సద్జా అంటాం. నేను ఆ భాష మాట్లాడను, ఆంటీ."

"అక్కడే చదివావు కదా!"

"చదివాను. మాది జింబాబ్వే. మా అమ్మ పనికోసం మమ్మల్ని తీసుకుని సరిహద్దు దాటింది."

ఆ తర్వాత ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. హైమావతి బడి పేరు అడిగింది. న్యాషా చెప్పింది. హైమావతి ప్లేటు బల్ల మీద పెట్టేసి ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుంది.

"మా ఆయన అక్కడే పనిచేశారు! రావ్ సర్. లెక్కలు. నీకు తెలుసా?"

"తెలుసు. ఫారం వన్ క్లాసులో మాకు లెక్కలు చెప్పారు. మెట్ల పైన ఆయన ఫోటో ఉంది. గది చూడటానికి వచ్చిన రోజే చూశాను."

"అయ్యో, మరి ఒక్కమాట చెప్పకపోయావా!"

న్యాషా పొయ్యి కట్టేసింది. "ఆయన లేరని నాకు అప్పుడు తెలియదు," అంది.

*

ఆ ఆదివారం న్యాషాను పైకి టీకి పిలిచారు. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు సోఫాలో కూర్చోవడం అదే మొదలు. చక్రధర్ అప్పటికే పూర్తిగా మారిపోయి ఉన్నాడు.

"మావయ్యగారి స్టూడెంట్‌వి అయ్యుండి మా బేస్‌మెంట్‌లో దొంగలా ఉంటావా? ఆయన లక్షసార్లు చెప్పేవారు నీ స్కూలు గురించి. ఆ బోర్డర్ జోక్ ఉంది చూడు..."

"అబ్బా, మొదలెట్టాడు," అంది నీరజ నవ్వుతూ.

"ఆగవోయ్. మావయ్యగారి క్లాసులో వెనకాల సుద్దముక్కతో గీత ఉంటుంది కదా! గీతకు ఇవతల బోట్స్వానా, అవతల ప్లమ్‌ట్రీ. జింబాబ్వే వైపు మొదటి ఊరు. లెక్క తప్పు చేసినవాడు బోర్డర్ దాటాలి. పీరియడ్ అయ్యేదాకా ప్లమ్‌ట్రీలోనే నిలబడాలి. ఎవడైనా మధ్యలో లోపలికి వస్తానంటే సార్ చెయ్యి చాపి, పాస్‌పోర్ట్ ప్లీజ్!" చక్రధర్ లేచి నిలబడి చెయ్యి చాపాడు. "ఎంత సెన్సాఫ్ హ్యూమరండీ ఆ మనిషిది. కొట్టడం లేదు, తిట్టడం లేదు, ఒక్క గీతతో క్లాసంతా కంట్రోల్!"

హైమావతి కూడా నవ్వింది. ఆ కథ ఆయన అన్నం తింటూ చెప్పేవాడు. వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు.

"నువ్వెప్పుడైనా ప్లమ్‌ట్రీ వెళ్ళావా?" అని చక్రధర్ న్యాషాను అడిగాడు.

"వెళ్ళాను, అంకుల్."

"చూశారా! దొరికిపోయింది!" అతను చప్పట్లు కొట్టాడు.

ఆ టీ పూర్తయ్యేలోగా రెండు విషయాలు తేలిపోయాయి. మావయ్యగారి శిష్యురాలిని చలికాలంలో బయటికి పంపడం పాపం కాబట్టి న్యాషా ఏప్రిల్ దాకా ఉండొచ్చు. రామ్మోహన్ చుట్టాలమ్మాయిలకు దగ్గర ఊరు ఏజాక్స్‌లో ఎక్కడో చూస్తారు. రెండోది, నవంబరులో సంవత్సరీకాలైన సాయంత్రం జరిగే సంస్మరణ సభలో న్యాషా గురువుగారి గురించి మాట్లాడాలి. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. న్యాషా మాత్రం రెండో మాట విన్నాక కప్పు కింద పెట్టి, "ఏప్రిల్ దాకా అంటే నమ్మకంగా అనుకోవచ్చా?" అని మళ్ళీ అడిగింది.

"నీకు మాటిస్తున్నా," అన్నాడు చక్రధర్.

*

భర్త పోయినప్పటినుంచి హైమావతికి ఒక్కటే కొరత. ఆయన గురించి తనకు తెలియనిది ఏదీ మిగలలేదు. వచ్చినవాళ్ళందరూ ఆమెకు తెలిసినవే చెప్పి వెళ్ళారు. ఆయనతో గడిపిన రోజులన్నీ తిప్పి తిప్పి అరగదీసుకున్నాక, ఆమె చూడని ఒక్కరోజు ఎవరైనా ఇస్తే బాగుండుననిపించేది. ఆయన గొంతు కూడా లేదు. ఇంట్లో వీడియోలన్నీ తీసింది ఆయనే, తీసేటప్పుడు నోరు విప్పేవాడు కాదు. అలాంటప్పుడు ఆయన క్లాసులో కూర్చున్న పిల్ల ఇంటికిందే దొరికింది.

సభకు కొద్దిరోజుల ముందు ఆమె మళ్ళీ మెట్లు దిగింది. న్యాషా మంచం మీద పుస్తకాలు పరుచుకుని ఉంది. కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది. ఇంట్లో కార్యం ఉందని నీరజ చెప్పిన దగ్గర్నుంచి ఆ గదిలో మాంసం వాసన లేదు.

"సభలో అందరికీ చెబుతావు కదా. ముందు నాకు చెప్పు," అంది హైమావతి. "నేనెప్పుడూ ఆయన క్లాసులో అడుగుపెట్టలేదు. ఎలా ఉండేవారు?"

"లెక్కలు బాగా చెప్పేవారు."

"అది అందరూ అంటారు. నీకు గుర్తున్నది చెప్పు. ఏదో ఒక్కరోజు."

"వద్దు, ఆంటీ."

"ఏదైనా ఫరవాలేదు. చిన్నదే అయినా సరే. నాకోసం."

న్యాషా పుస్తకం అంచు సవరించింది. తర్వాత, మార్కుల కోసం పాఠం అప్పజెప్పే పిల్లలా, ఎక్కడా ఆగకుండా చెప్పింది.

"నేను చేరినప్పుడు గీత లేదు. సార్‌ని పిల్లలు ఏడిపించేవాళ్ళు. ఆయన తల ఊపడాన్ని, ఇంగ్లీషుని వెక్కిరించేవాళ్ళు. బోర్డువైపు తిరిగితే వెనకనుంచి సుద్దముక్కలు విసిరేవాళ్ళు. ఇండియా వాళ్ళని అనే ఒక చెడ్డమాట ఉంది, అది అనేవాళ్ళు. నన్ను కూడా అనేవాళ్ళు. నాకు వేరే మాట. క్వెరెక్వెరె. అర్థంకాని భాష వాగేవాళ్ళని అర్థం. మా ఇద్దరినే అలా అనేవాళ్ళు కాబట్టి సార్ నా వైపు ఉంటారనుకున్నాను. ఒకరోజు నేను భిన్నాల లెక్క తప్పు చేశాను. ఆయన విసుగ్గా, గో బ్యాక్ టు ప్లమ్‌ట్రీ అన్నారు. ఊరికే అన్నారు, ఆంటీ. అనుకుని అన్నది కాదు. క్లాసంతా ఒక్కసారిగా నవ్వింది. సార్‌ని చూసి కాదు, సార్‌తో కలిసి. ఆయన మొహం నేను చూశాను. చాలా సంతోషం వేసింది ఆయనకి. మర్నాడు గీత గీశారు."

హైమావతి కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది.

"మొదట్లో తప్పు చేసిన అందరినీ పంపేవారు. మిగతావాళ్ళకి అది ఆట. నవ్వుతూ వెళ్ళి నవ్వుతూ వచ్చేవాళ్ళు. తర్వాత నేను లెక్క సరిగ్గా చేసినా క్లాసు అల్లరి చేస్తే నన్నే పంపేవారు. అందరూ నవ్వి సర్దుకునేవాళ్ళు. ఆయన పాఠం చెప్పుకునేవారు. ఆ ఏడాదంతా లెక్కలు గీతకు అవతలినుంచే నేర్చుకున్నాను. వెనకనుంచి కూడా బాగా వినపడేది. ఆయన నిజంగా బాగా చెప్పేవారు."

"క్లాసు బయట, మిగతా చోట్ల..." అని హైమావతి ఆగిపోయింది.

"పిల్లలు మంచినీళ్ళ కుళాయి దగ్గర గీత గీశారు. గేటు దగ్గర గీశారు. మా ఇంటి ముందు మట్టిలో పుల్లతో గీశారు. మా తమ్ముడు మరుసటి ఏడాది అదే బడికి రావాలి. రానన్నాడు. ఇప్పటికీ వాడికి చదువు లేదు."

పై అంతస్తులో నీరజ ఫోన్లో ఎవరితోనో గారెలకు మినప్పప్పు ఎంత నానబొయ్యాలో మాట్లాడుతోంది. ఇక్కడికి అంతా స్పష్టంగా వినపడుతోంది.

హైమావతికి ఆ ఏడాది గుర్తుంది. అంతకుముందు ఆయన బడినుంచి వచ్చి మాట్లాడేవాడు కాదు. చొక్కా విప్పి బకెట్లో పడేసేవాడు. వీపుమీద తెల్లటి సుద్ద మరకలు ఉండేవి. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు, బ్రష్షుతో రుద్ది ఉతికేది. ఒకనాటినుంచి మరకలు రావడం ఆగిపోయింది. ఆయన అన్నం దగ్గర నవ్వడం మొదలుపెట్టాడు. కాంట్రాక్టు పొడిగించుకుందాం, ఈ పిల్లలకి నేనంటే ప్రాణం అన్నాడు. ఆమె ఎర్రమట్టి వాకిట్లో గులాబీలు వేసింది.

"ఆయన చెడ్డవారు కాదు," అంది హైమావతి.

"నేను అలా అనలేదు, ఆంటీ. మీరు అడిగారు."

"సభలో ఏం చెబుతావు?"

"మీరు ఏం చెప్పమంటే అది."

హైమావతి కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఆ అమ్మాయి వైపు చూడకుండా మెల్లిగా అంది. "లెక్కలు బాగా చెప్పేవారని చెప్పు."

"చెబుతాను. అది నిజమే."

"నవ్వించేవారని చెప్పు."

"అదీ నిజమే."

"చాలు. నీ గది ఎక్కడికీ పోదు."

*

పొద్దున కార్యం మిల్టన్‌లో ఉండే కేశవరావు తమ్ముడి కొడుకు మహీధర్ చేతులమీదుగా జరిగింది. సాయంత్రానికి హాలు నిండిపోయింది. పటానికి బంతిపూల దండ, పక్కన మైకు, తివాచీ మీద దుప్పట్లు, గోడవారన పెద్దవాళ్ళకి కుర్చీలు. రిటైరయిన ఇంజినీరు రాజగోపాల్‌గారు సభ నడిపారు. డర్హం ప్రాంతంలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ సభ జరిగినా మైకు ఆయనదే.

"ఒక మనిషి గొప్పతనం ఆయన వెనకేసిన ఆస్తిలో ఉండదండీ, తయారుచేసిన శిష్యుల్లో ఉంటుంది. ఈ వేళ మన అదృష్టం ఏమిటంటే, ఎక్కడి బోట్స్వానా, ఎక్కడి ఒషావా! గురువుగారి ఇంటికే శిష్యురాలు వెతుక్కుంటూ వచ్చింది. రామ్మా, రా."

న్యాషా పొడుగు చేతుల తెల్లచొక్కా వేసుకుని వచ్చింది. పటానికి ఎలా దణ్ణం పెట్టాలో నీరజ చూపించింది. న్యాషా వంగి నేలకు చేతులు ఆనించింది. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

"రావ్ సర్ లెక్కలు చాలా బాగా చెప్పేవారు," అని న్యాషా మొదలుపెట్టింది. "నేను ఇక్కడ చదవగలుగుతున్నానంటే ఆయన చెప్పిన లెక్కలు కూడా కారణం. ఆయన క్లాసు అంటే పిల్లలకు ఇష్టం. ఆయన మమ్మల్ని నవ్వించేవారు. థాంక్యూ."

"ఇంతేనా!" చక్రధర్ వెనకనుంచి అరిచాడు. "బోర్డర్! బోర్డర్ చెప్పు!"

"బోర్డరేంటి?" అని నలుగురు అడిగారు. చక్రధర్ లేచి మైకు అందుకుని కథంతా చెప్పాడు. నవ్వులు లేచాయి. నవ్వులు విని అతనికి హుషారొచ్చింది. డ్రాయరులోంచి తెల్లటి అంటింపు టేపు తెచ్చి, జనాన్ని కాస్త జరగమని, తివాచీ మీద అడ్డంగా అంటించాడు.

"న్యాషా, నువ్వు అటు నిలబడు. అటు, అటు. అదీ! ఇప్పుడు సార్ ఎలా అనేవారో చేసి చూపించు. వీళ్ళెవరూ చూడలేదు."

న్యాషా గీతకు అవతల నిలబడి హైమావతి వైపు చూసింది. హైమావతి తల దించుకోలేదు. వద్దని కూడా అనలేదు. గోడవారన కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్కడున్న నలభై మంది ఆమెను చూసి, పాపం ఆ రోజులన్నీ గుర్తుచేసుకుంటోంది అనుకున్నారు.

న్యాషా భుజాలు కొంచెం వంచింది. కళ్ళజోడు పైకి తోసుకున్నట్టు ముక్కు మీద వేలు పెట్టింది. తల ఎడమకీ కుడికీ మెల్లగా ఊపి, నోరు తెరిచింది.

"యూ, మై డియర్. ఎస్, యూ. గో బ్యాక్ టు ప్లమ్‌ట్రీ, ఆఁ? పాస్‌పోర్ట్ ప్లీజ్."

అది కేశవరావు గొంతు. డియర్‌ని సాగదీసిన తీరు, అడిగేదేదైనా చివర ఆ "ఆఁ", దానితోపాటు గొంతులో లేచే చిన్న చిరునవ్వు. రోజూ పొద్దున్నే కాఫీ అయిందా ఆఁ అని అడిగిన గొంతు. అచ్చం అదే. ఎక్కడా ఒక్క పిసరు తేడా లేదు. ఒక ఏడాది పొడుగునా, వంచిన తలతో వింటేనే తప్ప ఎవరికీ అంత బాగా రాదు.

హాలు గొల్లుమంది. మహీధర్, "అయ్యబాబోయ్, పెదనాన్నే! అచ్చు పెదనాన్నే!" అని తొడ చరిచాడు. నీరజ నవ్వుతూనే ఏడ్చేసింది. ఎవరో పిల్లలు గీత దగ్గరకు పరుగెత్తి పాస్‌పోర్ట్, పాస్‌పోర్ట్ అని చేతులు చాపారు. "వన్స్ మోర్!" అన్నారెవరో. న్యాషా మళ్ళీ చేసింది.

చివర్లో రాజగోపాల్‌గారు శాలువా హైమావతి చేతికిచ్చి న్యాషాకు కప్పమన్నారు. ఆమె కప్పింది. దగ్గరగా వచ్చినప్పుడు న్యాషా, "సరిగ్గా చేశానా, ఆంటీ?" అని ఆమెకు మాత్రమే వినపడేలా అడిగింది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. గది కోసం అడుగుతోంది.

"చేశావు," అంది హైమావతి.

*

ఆ తర్వాత న్యాషా ఆ ఇంటిపిల్ల అయిపోయింది. చక్రధర్ ఆ మాటే అనేవాడు. ఆదివారాలు పైన భోజనం. ఎవరు వచ్చినా మెట్ల దగ్గరకు వెళ్ళి పిలుపు. "న్యాషా, ఒకసారి పైకి రామ్మా, వీళ్ళకి మావయ్యగారిని చూపించు." ఆమె పుస్తకం మూసి వచ్చేది. చేసి చూపించేది. వాళ్ళు నవ్వాక వెళ్ళిపోయేది. ఆఫీసు స్నేహితులకు ఒకసారి, వీడియో కాల్లో తెనాలి చుట్టాలకు ఒకసారి.

హైమావతి ప్రతిసారీ విన్నది. అది మొదలవుతుందనగానే ఆమెకు వంటింట్లోకి వెళ్ళిపోవాలని ఉండేది. కాని కాళ్ళు కదిలేవి కావు. ఆ గొంతు కావాలి. ఆ గొంతుకు ఆ మాటలు తప్ప వేరే మాటలు లేవు. ఆయన ముప్ఫయ్యేళ్ళు తనతో మాట్లాడినవన్నీ ఆమె మనసులో మెల్లగా ఆ ఒక్క వాక్యంలాగే వినపడటం మొదలుపెట్టాయి. కాఫీ అయిందా అని ఆయన అడగడం గుర్తుచేసుకోబోతే ప్లమ్‌ట్రీ అని వినపడింది.

డిసెంబరు మొదట్లో ఒకరోజు టిఫిను దగ్గర ఆమె అల్లుడితో అంది.

"రామ్మోహన్ చుట్టాలమ్మాయిలకి ఎక్కడైనా దొరికిందా?"

"ఎక్కడండీ! పాపం వాళ్ళ నాన్న నిన్న కూడా ఫోన్ చేశాడు."

"కింద గది వాళ్ళకే ఇచ్చెయ్యి."

నీరజ చెంచా ఆపింది. "అదేంటమ్మా! న్యాషా?"

"మనవాళ్ళయితే నాకు మాట తోడుగా ఉంటుంది. పగలంతా ఒక్కదాన్నే ఉంటున్నాను."

చక్రధర్ ఇబ్బందిగా కదిలాడు. "నేను మాటిచ్చానండీ. ఏప్రిల్ దాకా అని."

"నా కోసమే కదా ఇచ్చావు," అంది హైమావతి. "నేనే చెబుతాలే."

ఆమె ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. అందుకని ఎవరూ కాదనలేకపోయారు.

ఆ సాయంత్రమే ఆమె మెట్లు దిగింది. న్యాషా గిన్నె తోముతోంది. హైమావతి నిలబడే చెప్పింది, క్లుప్తంగా, మర్యాదగా. న్యాషా కుళాయి కట్టి, చేతులు తుడుచుకుని, పూర్తిగా విన్నది.

"ఏప్రిల్ దాకా అన్నారు."

"అన్నాం."

"నేను ఏమైనా తప్పు చెప్పానా? మీరు చెప్పమన్నవే చెప్పాను. అంకుల్ చెయ్యమన్నప్పుడల్లా చేశాను."

"నువ్వు తప్పేమీ చెయ్యలేదు."

"మరి ఎందుకు?"

హైమావతి దగ్గర జవాబు ఉంది. నువ్వు కింద ఉన్నంతకాలం ఆయన నాకు మిగలడు. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆమెకు తెలుసు. చెప్పలేదు.

"మా వాళ్ళు వస్తున్నారు," అంది.

న్యాషా తల ఊపింది. కోపం రాలేదు. ఇలాంటి మాట తలుపుల దగ్గర చాలాసార్లు విన్న మనిషి మొహం అది.

"బెల్లు కొట్టాకైనా సార్ లోపలికి రానిచ్చేవారు, ఆంటీ," అంది. మళ్ళీ కుళాయి తిప్పి, "నెలాఖరుకు ఖాళీ చేస్తాను. అప్పటికి నా పరీక్షలు కూడా అయిపోతాయి," అని హైమావతికేదో సాయం చేస్తున్నట్టు చెప్పింది.

వృద్ధాశ్రమం పని మానేస్తున్నట్టు ఆ వారమే వాళ్ళకు చెప్పేసింది. ఏజాక్స్‌లో తెలిసినమ్మాయి ఇంట్లో హాల్లో కొన్నాళ్ళు పడుకోవచ్చట. కాలేజీ సంగతి నీరజ అడిగితే, ఒక టర్ము ఆగుతానంది. ఆగితే ఈ దేశంలో ఉండనిచ్చే స్టడీ పర్మిట్ ఏమవుతుందో నీరజకు తెలుసు, న్యాషాకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

వెళ్ళేరోజు మంచు పడుతోంది. చక్రధర్ ఆఫీసు కాల్లో ఉన్నాడు. నీరజ కారులో దింపుతానంటే, బస్టాండు దాకా చాలంది న్యాషా. రెండు పెట్టెలు తనే మోసుకుంది. హైమావతి పైకిటికీలోంచి చూసింది. కారు సందు మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కి వచ్చి కూర్చుంది. ఆమెకు ఏడుపు రాలేదు. ఆయన గొంతు కోసం చెవి ఒగ్గి కాసేపు అలాగే కూర్చుంది. ఏదీ వినపడలేదు, ప్లమ్‌ట్రీ కూడా.

మధ్యాహ్నానికి రామ్మోహన్ చుట్టాలమ్మాయిలు వాసవి, స్నేహ వచ్చారు. ఎయిర్‌పోర్టునుంచి నేరుగా రావడంతో కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆవకాయ సీసా కారి ఒక పెట్టె అంతా నూనె.

"అమ్మమ్మగారూ, నమస్తే. మీకు ఎట్లా థాంక్స్ చెప్పాల్నో తెలుస్తలేదు. మా నాన్నయితే ఫోన్లో ఏడ్చిండు," అంది స్నేహ.

"అయ్యో, మనవాళ్ళకు మనం చెయ్యకపోతే ఎవరు చేస్తారమ్మా," అన్నాడు చక్రధర్. కిందికి తీసుకెళుతూ వాళ్ళకు నియమాలు చెబుతున్నాడు. "చూడండీ, షూస్ ఇక్కడ. హీటింగ్ ముట్టుకోవద్దు. ఇంకోటి, చప్పుడు చెయ్యకూడదు. ఇంతకుముందున్న అమ్మాయి, ఉందో లేదో కూడా తెలిసేది కాదు. అత్తయ్యగారు పగలు పడుకుంటారు."

హైమావతి మెట్లపైనుంచి వంగి చెప్పింది.

"నేను పడుకోను. చప్పుడు చెయ్యండమ్మా. ఎంత కావాలంటే అంత చేసుకోండి."